రైతు పెళ్ళాం

పొద్దున్నే చిన్నకోడలు పశువుల పాక ఊడుస్తుంటే బావగారు వచ్చాడు. చేతిలో బ్యాంకు కాగితాలు, మొహాన ఎన్నడూ లేని నవ్వు. చూసి కూడా ఆమె చీపురు ఆపలేదు. కాళ్ళు పీకేదాకా నిలబడనీ అనుకుంది.

భర్త పోయినప్పటినుంచీ తన వాటా పొలం తనే సాగు చేసుకుంటోంది. నిరుడు ఎండల్లో మోటారు కాలిపోతే బ్యాంకుకి వెళ్ళింది. కాగితాల మీద పొలం ఇంకా పంచుకోలేదు కాబట్టి ఇద్దరి సంతకాలూ కావాలన్నారు. ఈ బావగారే మేనేజరు ఎదుట కాలు మీద కాలేసుకుని, "ఈవిడ రైతేంటి సార్, రైతు పెళ్ళాం. ఆడదానికి అప్పిస్తే చీరలకే చాలదు" అన్నాడు. బ్యాంకంతా నవ్వింది. ఆయన సంతకం పెట్టలేదు, అప్పు రాలేదు. కాపు మీదున్న టమాటా తోట కళ్ళెదుటే మాడిపోయింది. ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ ఆమె చెవుల్లో మోగుతూనే ఉంది.

"పంట అప్పుకి ఒక్క సంతకం పెట్టమ్మా. విత్తనాల అదను దాటిపోతోంది."

"నా తోట ఎండినప్పుడు ఈ అదను గుర్తు రాలేదా అండీ?" చీపురు మూలకి విసిరింది. "మీ పొలం కూడా ఎండాలి. నేను గట్టున కూర్చుని చూడాలి!"

"పగబట్టావా?"

"పట్టానండీ. బాగానే పట్టాను."

అంతలో కొడవలి చేతబట్టుకుని పెద్దకోడలు వచ్చింది. నిరుడు మొగుడి కళ్ళుగప్పి ఆ తోటకి బిందెలతో నీళ్ళు మోసింది ఈ అక్కే. ఆయన పొలంలో నాటేదీ, కలుపు తీసేదీ కూడా ఆమే. ఆయన చేసేదల్లా గట్టు మీంచి కేకలేయడం.

"ఎండనీలేవే," అంది పెద్దకోడలు. "పోయేది నా చాకిరీయేగా, ఆయనదేం పోతుంది?"

తన పగ ఎవరి నెత్తిన పడబోతోందో చిన్నకోడలికి అప్పుడర్థమైంది. అయినా బావగారిని ఊరికే వదలబుద్ధి కాలేదు.

"సంతకం పెడతాను. అప్పు మాత్రం అక్క పేరు మీద. మీరు హామీ ఉండండి. రైతెవరో ఆ మేనేజరుకి మీ నోటితోనే చెప్పాలి."

"నా పరువేం కావాలి?"

"నా తోటేమైందో అదే అవుతుంది."

మధ్యాహ్నం బ్యాంకులో మేనేజరు ముందు కుర్చీలు రెండే. కోడళ్ళిద్దరూ కూర్చున్నారు. బావగారు నిలబడ్డాడు.

"రైతు ఎవరు?" అడిగాడు మేనేజరు.

బావగారు తల దించుకుని ఏదో గొణిగాడు.

"వినబడలేదండీ," అంది చిన్నకోడలు.

"ఈవిడే సార్. నా భార్య. పండించేది ఆవిడే."

ఈ ఘడియ రాగానే పగలబడి నవ్వాలని ఎంతకాలంగానో కాచుకుంది చిన్నకోడలు. తీరా పక్కకి చూస్తే అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఇంకోసారి చెప్పమనవే," అంది అక్క ఏడుస్తూనే.

"విన్నారుగా బావగారూ. ఇంకోసారి."

ఆయన భార్య వైపు చూశాడు. ఈసారి తల దించుకోలేదు. "ఇద్దరూ రైతులే సార్. చిన్నావిడ మోటారు అప్పు కాగితం కూడా తీయండి, సంతకం పెడతాను."

చిన్నకోడలికి నవ్వు రాలేదు. అక్క చెయ్యి గట్టిగా పట్టుకుని తనూ ఏడ్చేసింది.