మిట్టమధ్యాహ్నం మోగిన అలారం

లేజర్ టెక్నీషియన్‌ను వాళ్లు కాల్చలేదు. పొడవలేదు. ఆస్పత్రి నుంచి కొట్టేసిన మందు అతని నరంలోకి మోతాదుకు ఎన్నో రెట్లు ఎక్కించారు. చొక్కా విప్పి, మండుటెండలో ఓ ఖాళీ మేడ మీద నీళ్ల ట్యాంకుకు కట్టేశారు. మిగతా పని ఎండ చేసింది.

"ఒకడు నీడలో కూర్చుని అంతా చూశాడు" అన్నాడు చీఫ్. "పక్కనే సిగరెట్ పీకలు దొరికాయి."

కందిరీగ పిడికిలి బిగుసుకుంది. కందిరీగ ఆమె కోడ్‌నేమ్. అసలు పేరు ఫైల్లో కూడా లేదు. కోపం మాత్రం ఎప్పుడూ మొహం మీదే ఉంటుంది. డిపార్ట్‌మెంట్‌లో ఆమె మీదున్న కంప్లైంటు అదొక్కటే.

"బ్రీఫింగ్ విను. ఈ మందు ఒంట్లోకి వెళ్లి ఊరికే పడుకుంటుంది, కణితిలో ఎక్కువ పేరుకుంటుంది. తర్వాత సన్నటి ఫైబర్‌తో కణితి మీద ఎర్రటి లేజర్ వెలుగు వేస్తే మందు నిద్ర లేచి అంతవరకే కాల్చేస్తుంది. కత్తీ లేదు, కోతా లేదు. క్యాన్సర్‌కీ, కంటి జబ్బుకీ, చర్మం జబ్బుకీ ట్రయల్స్ నడుస్తున్నాయి."

"చిక్కెక్కడ?"

"లేజర్ వేసేలోపు పేషెంటు ఒళ్లంతా మందే. ఎండ తగిలిందా, చర్మం ఉడికిపోతుంది. అందుకే వాళ్లను చీకటి వార్డులో ఉంచుతారు. ఈ ట్రయల్ గెలిస్తే తమ మాత్రలు కొనే నాథుడుండడని ఓ కంపెనీ భయం. అది 'గాజుమేడ' అనే విదేశీ ముఠాను కిరాయికి పెట్టుకుంది. ఆస్పత్రి లోపల మన మనిషి ఒకామె ఉంది, ప్రయోగాన్ని తనిఖీ చేసే ట్రయల్ మానిటర్. గాజుమేడ జీతం కూడా తింటుంది."

"డబుల్ ఏజెంటా?"

"చూస్తే త్రిబుల్ అనిపిస్తుంది. ఆమె 'గొడుగుందా' అంటే నువ్వు 'చిల్లుంది' అనాలి. గాజుమేడ తర్వాతి దెబ్బ ఆ చీకటి వార్డు మీదే, నువ్వు ఆయా వేషంలో అక్కడికి వెళ్లు."

చీఫ్ ఇచ్చిన హెయిర్‌పిన్ జడలో పెట్టుకుంది. వెలుగు హద్దు దాటితే అది మెడ మీద జుయ్యిమంటుంది. ఒక్క సంగతి మాత్రం ఆమె చీఫ్‌కు చెప్పలేదు. ఆ వార్డులో నాలుగో బెడ్డు మీద ఉన్నది ఆమె సొంత అన్న. చెబితే ఈ పని ఇంకెవరికో పోతుంది.

*

వార్డుకు రెండు తలుపులు, మధ్యలో నల్ల తెర. లోపల మూలన ఒక్క పసుపు దీపం. తలుపు తీసేవాళ్లెవరైనా, డాక్టరైనా సరే, ముందుగా "వెలుగొస్తోంది!" అని కేకేయాలి. ఆ మాట పూర్తయ్యేలోపు దుప్పట్లన్నీ తలల మీదికి వెళ్లిపోతాయి. నిద్రలో ఉన్నవాళ్లవి కూడా.

"ఏమ్మా ఆయా, మంచం కింద కూడా తుడువు" నాలుగో బెడ్డు గొంతు సైలెన్సర్ ఊడిన బండిలా ఉంది. "ఇంట్లో ఏనాడూ చీపురు పట్టిన మొహం కాదు నీది."

"నోర్మూసుకో అన్నయ్యా. ఉన్న గొంతు అరగదీసుకోకు."

అతను సిటీ బస్సు డ్రైవరు. అమ్మానాన్నలు పోయాక చెల్లెల్ని తన సీటు వెనకే కూర్చోబెట్టుకుని, ట్రిప్పుకో పాఠం చొప్పున చదివించినవాడు. ఇప్పుడు అన్నవాహికలో కణితి. కోతకు లొంగే చోటు కాదని పెద్ద డాక్టర్లంతా చేతులెత్తేశారు. మిగిలింది ఈ వెలుగు ఒక్కటే.

"మూడింటికి లేజరట. తగ్గితే మళ్లీ స్టీరింగ్ పట్టుకుంటా. తగ్గకపోతే..."

"తగ్గకపోతే నేనే నీ పీక నొక్కుతా. పడుకో."

అంతలో బయటినుంచి సిస్టర్ కేక. "వెలుగొస్తోంది!"

దుప్పట్లన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆరో బెడ్డు మీది మనిషి మాత్రం తల తిప్పి తలుపు వైపు చూశాడు, అటూ ఇటూ చూశాడు, అప్పుడు కప్పుకున్నాడు. మందు ఎక్కినవాళ్లకు ఆ కేక చెంపదెబ్బ. ఇతనికి ఉత్త కబురు.

వీడి ఒంట్లో మందు లేదు!

*

బట్టల గదిలో ముందు సెంటు వాసన వచ్చింది, వెనకే మానిటర్ వచ్చింది. ఎత్తు మడమలు, మోచేతి దాకా గ్లవ్స్, గొడుగంత టోపీ.

"గొడుగుందా?"

"చిల్లుంది. ఆరో బెడ్డు ఎవడు?"

"గాజుమేడ మనిషి. టెక్నీషియన్ చావు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నది వీడే." గోళ్లు చూసుకుంటూ చెప్పింది. "ఇంకాసేపట్లో ఫైర్ అలారం కొడతాడు. అలారం మోగితే లాకులన్నీ వాటంతటవే ఊడతాయి. గార్డులు అందర్నీ బయట ఆవరణలోకి తోలతారు, వాళ్ల ట్రైనింగ్ అది. ఎదురు మేడ మీద కెమెరా ఉంది. సాయంత్రానికి కాలిన మొహాలు లోకమంతా చూస్తుంది. ట్రయల్ క్లోజ్."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఊరుకోమన్నది మీ చీఫ్."

కందిరీగ చెవిలోని మైక్ నొక్కింది. "సార్, వాడు దొరికాడు. ఇప్పుడే కాలర్ పట్టుకుంటా."

"వద్దు. కెమెరా దగ్గరికి వాళ్ల లీడరే స్వయంగా వస్తున్నాడు. అలారం మోగనీ. అప్పుడు రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుంటాం."

"పేషెంట్లు ఎండలోకి పోతారు."

"రెండు నిమిషాలు. కాస్త కములుతారు. యాక్సెప్టబుల్ లాస్."

"ఎవరికి యాక్సెప్టబుల్?"

"దేశానికి."

"బొబ్బలు దేశం ఒంటి మీద లేస్తాయా సార్?"

లైన్ కట్ అయింది. ఫొటో కోసం మనుషుల్ని కాల్చేవాడు ఒకడు, పతకం కోసం కాలనిచ్చేవాడు ఇంకొకడు. రోగి మాత్రం ఇద్దరికీ వంటచెరకే. సంతకం పెట్టి, ప్రాణం అరచేతిలో పెట్టుకుని, "నా మీద ప్రయోగం చెయ్యండి, నాకు కాకపోయినా నా వెనక వచ్చేవాళ్లకైనా పనికొస్తుంది" అన్న మనుషులు వాళ్లు!

"నువ్వు ఏ వైపు?" కందిరీగ మానిటర్‌ను అడిగింది.

"జీతమిచ్చే ప్రతి వైపూ."

అలారం మోగింది.

*

లాకులు టకటకా ఊడాయి. "మంటలు! మంటలు! పారిపోండి!" అని అరుస్తూ ఆరో బెడ్డువాడు రెండు తలుపులూ తన్నేశాడు, నల్ల తెర పీకేశాడు. రోగులు దుప్పట్లు చుట్టుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని కారిడార్‌లోకి వచ్చారు. ముందున్నది డ్రైవరే. బస్సు నిండా జనం ఉన్నట్టే నడుస్తున్నాడు. కారిడార్ చివర గాజు తలుపు, దానికి నల్ల పరదా. అంచుల్లోంచి ఎండ కత్తుల్లా పడుతోంది. గార్డు విజిల్ ఊదుతూ పరదా సగం లాగేశాడు.

కందిరీగ మెడ మీద పిన్ను పిచ్చెక్కినట్టు జుయ్యిమంది.

"తలుపు తియ్యకు! వీళ్లకు ఎండ తగలకూడదు!"

"పక్కకి తప్పుకో ఆయా! రూలంటే రూలే!"

కారిడార్ మలుపులో మానిటర్ రెండు చేతులూ చాపి రోగులకు అడ్డం నిలబడింది. చెప్పు మడమ విరిగింది. "చూస్తావేం, ఏదో ఒకటి చెయ్! కాలిన చర్మమంటే నాకు అసహ్యం!"

రోగుల వెల్లువ ఆమెను కూడా నెట్టుకుంటూ వస్తోంది. కందిరీగ మందుల ట్రాలీ మీంచి సిరంజి లాక్కుంది. ఆరో బెడ్డువాడి కాలర్ పట్టి, జబ్బ మీద కసుక్కున దించి, ఉన్నదంతా ఎక్కించేసింది.

"టెక్నీషియన్‌కు ఎక్కించిన మందే ఇది. డోసు కూడా అదే. పద, ముందు నువ్వు నడు."

వాడు జబ్బ వైపు చూశాడు. గాజు అవతల తెల్లగా మండుతున్న సిమెంటు నేల వైపు చూశాడు. గార్డు చెయ్యి హ్యాండిల్ మీద పడింది.

"తియ్యొద్దు!" వాడు నేల మీద పడి గార్డు కాళ్లు వాటేసుకున్నాడు. "తలుపు తియ్యొద్దురా! నేను చూశాను, వాడి ఒళ్లు ఎలా ఊడిందో నేను చూశాను!"

"మంటలన్నది నువ్వేగా?" అన్నాడు గార్డు.

"మంటల్లేవు! అలారం కొట్టింది నేనే! పరదా వెయ్, నీ కాళ్లు మొక్కుతా!"

ఆయా మాట చెవికెక్కని గార్డుకు పెద్దమనిషి ఏడుపు ఎక్కింది. పరదా మళ్లీ మూసేశాడు. అప్పటికి నేల మీది ఎండ ముక్కకూ డ్రైవరు బొటనవేలికీ మధ్య జానెడు ఖాళీ ఉంది.

*

మూడింటికి ప్రొసీజర్ గది తలుపు కింద ఎర్రటి వెలుగు గీత కనిపించింది. కందిరీగ గోడకు చేరబడి దాన్నే చూస్తోంది. ఫైబర్ సరిగ్గా కణితి దాకా వెళ్లిందని సిస్టర్ వచ్చి చెప్పింది. ఫలితం తేలడానికి వారాలు పడుతుందట. పట్టనీ. చెవిలో చీఫ్ గొంతు పలికింది.

"లీడర్ జారుకున్నాడు! అంతా నీ వల్లే. ఆ సిరంజిలో ఏముంది?"

"ఉప్పునీళ్లు సార్."

"నాలుగో బెడ్డు మీ అన్నటగా? ముందే చెప్పాల్సింది. ఆయన్ని ముందుగానే పక్కకి తప్పించేవాళ్లం కదా!"

కందిరీగ గోడ వదిలి నిటారుగా నిలబడింది.

"అయితే రాసుకోండి సార్. ఒకటో బెడ్డు మా అత్త. రెండు మా బాబాయి. మూడు మా పెద్దమ్మ. అయిదు మా మరిది. ఏడు మొదలు చివరిదాకా అందరూ మా మేనమామలు."

"మరి ఆరో బెడ్డు?"

"వాడు మీ వైపు చుట్టం సార్."