ఎడమవైపు వెచ్చగాలి

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో డిసెంబరు ఆదివారాలు ఒక పట్టాన గడవవు. దుకాణాలు మూసేస్తారు, ట్రాములు సగం ఖాళీగా తిరుగుతాయి, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. ఒంటరి మనుషులకి అంత పొడుగు సాయంత్రం ఇవ్వడం దేవుడి అన్యాయం.

రాజ్యశ్రీకి మాత్రం ఆ ఆదివారం పని ఉంది. పాత ఇంట్లో పైకప్పు కింద ఆమె గది. కిటికీ పక్కన చెక్క బల్ల, దాని మీద లాప్‌టాప్. మాస్టర్స్ థీసిస్ తాలూకు సిమ్యులేషన్ పొద్దున్నుంచీ అందులో నడుస్తోంది. అది పూర్తయితే ఫలితాలు ప్రొఫెసర్‌కి పంపాలి. గడువు ఇప్పటికే ఒకసారి పొడిగించారు, మళ్ళీ పొడిగించరు. మధ్యలో లాప్‌టాప్ ఆగిపోతే మొత్తం మొదటినుంచి నడపాలి, అంత టైము లేదు. అంటే ఈ దేశంలో ఆమె చదివిన చదువంతా ఆ లాప్‌టాప్ ఇవాళ నిలబడటం మీదే ఉంది.

ఇబ్బందల్లా ఫ్యాన్‌తోనే. లోపల వేడెక్కేకొద్దీ అది హోరెత్తిపోతుంది, చెక్క బల్లా చెక్క నేలా దానికి వంత పాడతాయి. కింద వాటాలో ఉండే ఇంటావిడ ఫ్రౌ హోల్ట్‌మన్ పోయిన వారమే మెట్ల మీద ఆపి చెప్పింది, ఆదివారం చప్పుళ్ళు చెయ్యకూడదనీ, తన నెత్తిమీద ఏదో గుర్రుమంటోందనీ. రాజ్యశ్రీ అసలే మొహమాటం మనిషి. ఇంకోసారి చెప్పించుకుంటే తల కొట్టేసినంత పనవుతుంది.

అందుకే ఇంగోల్‌స్టాట్‌లో ఉన్న పాత క్లాస్‌మేట్ కౌశల్‌కి ఫోన్ చేసింది.

"ఫ్యాన్ కంట్రోల్ యాప్ ఉంటది, ఏసుకో. స్పీడు నీ చేతుల ఉంటది," అన్నాడు కౌశల్. "గానీ తక్కువ పెట్టినవంటే వేడి మీద ఒక కన్నేసి ఉంచాలె. తొంభై అయిదు దాటితే లాప్‌టాప్ దానంతటదే బందయితది. మల్ల నన్ను తిట్టకు."

"కాసేపు లైన్లో ఉండొచ్చు కదా? ఒక్కదాన్నే ఉన్నాను."

"షిఫ్టుకు పోవాలె రాజీ. రేపు చేస్త."

అడిగినందుకు ఆమెకే సిగ్గేసింది. ఆ వారమంతా ఆమె తెలుగు మాట్లాడింది ఆ కాసేపే.

యాప్ వేసుకుని ఫ్యాన్ వేగం సగానికి తగ్గించింది. హోరు గుసగుసలోకి దిగింది. హీటర్ చెడిపోయి గది గడ్డకట్టుకుపోతోంది, మెకానిక్ అపాయింట్‌మెంట్ మంగళవారానికి గానీ దొరకలేదు. శాలువా కప్పుకుని, లాప్‌టాప్ ఎడమవైపు నుంచి వచ్చే వెచ్చగాలికి చేతులు పెట్టి కూర్చుంది. తెర మీద వేడి అంకె ఎక్కుతూ పోయింది. ఎనభై. తొంభై. తొంభై మూడు.

ఫ్యాన్ పెంచితే కింద ఆవిడ ఊరుకోదు. పెంచకపోతే థీసిస్ పోతుంది. ఎటూ తేల్చుకోలేక ఆమె అల్లాడుతుండగానే...

అంకె దిగడం మొదలైంది.

తొంభై. డెబ్బై. యాభై. ఫ్యాన్ వేగం మారలేదు. సిమ్యులేషన్ ఆగలేదు.

ఎడమవైపు చెయ్యి పెట్టి చూసింది. గాలి చప్పుడు వినబడుతూనే ఉంది. చేతికి మాత్రం ఏమీ తగల్లేదు. ఆ గాలిని మధ్యలోనే ఎవరో తీసుకుంటున్నారు. తడిసిన ఉన్ని కోటు వాసన, దాని వెనకే మట్టి వాసన.

ఫ్యాన్ ఇంకొంచెం తగ్గించింది. ఎడమ పక్క ఖాళీ కుర్చీ కిర్రుమంటూ బల్ల దగ్గరికి జరిగింది. గబుక్కున మళ్ళీ పెంచింది. కుర్చీలోంచి నిట్టూర్పు వినబడింది. ఒళ్ళంతా బిగుసుకుపోయిన మనిషి నెగడు దగ్గరికి చేరినప్పుడు వదిలే నిట్టూర్పు.

రాజ్యశ్రీ పారిపోవలసింది. తలుపు పక్కనే ఉంది. కానీ లాప్‌టాప్‌ని వదిలి ఎక్కడికి పోతుంది? పైగా నిజం చెప్పాలంటే, ఆమె పక్కన ఒక మనిషి కూర్చుని ఎన్నాళ్ళయిందో. అంత భయంలోనూ ఆ సంగతి గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చలేస్తోందా?" అంది గుసగుసగా.

అంకె ఇంకాస్త దిగింది.

"కాచుకోండి. నా పనయ్యేదాకా ఉండండి."

అది ఉండిపోయింది. బయట మంచు పడుతుంటే ఇద్దరూ ఆ చిన్న వెచ్చదనం ముందు కూర్చున్నారు. ఆమె ఇక ఫ్యాన్ జోలికి పోలేదు. సిమ్యులేషన్ పూర్తయింది. ఫలితాలు ప్రొఫెసర్‌కి పంపేసి, గట్టెక్కానురా దేవుడా అనుకుని లాప్‌టాప్ ఆపేసింది.

ఫ్యాన్ ఆగిపోయింది. కుర్చీ వెనక్కి జరిగింది. గది తలుపు మెల్లిగా తెరుచుకుంది.

తెనాలిలో వాళ్ళింట్లో గడప దాటుతున్న మనిషిని ఎవరూ ఉత్తినే పొమ్మనరు. గ్యాస్ సిలిండర్ తెచ్చినవాడికైనా, ఇన్సూరెన్స్ అంటగట్టబోయినవాడికైనా అదే మర్యాద. ఆ అలవాటు ఆమె నోట్లోంచి జారింది.

"వెళ్ళిరండి."

గుమ్మం దగ్గర అది ఆగింది. ఆ మాట విని ఎంతో సంతోషించినట్టు కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత చెక్క మెట్ల మీద అడుగులు కిందికి దిగిపోయాయి.

రాజ్యశ్రీ ఊపిరి పీల్చుకుని తలుపు వెయ్యడానికి లేచింది.

అడుగులు మళ్ళీ పైకి వస్తున్నాయి...

ఒక్కరివి కావు.

తలుపు తొయ్యబోయింది. అవతల నుంచి ఎవరూ నెట్టలేదు, అయినా అది కదల్లేదు. మట్టి వాసన గుప్పుమంది. కుర్చీ కిర్రుమంది. మంచం కిర్రుమంది. నేల మీద పలకలు ఒకటొకటిగా మూలిగాయి.

బల్ల దగ్గరికి పరిగెత్తి లాప్‌టాప్ బటన్ నొక్కింది. వెలిగితే చాలు, ఏదో ఒక పని పెట్టి వేడెక్కిస్తుంది. ఫ్యాన్ మోగనీ, ఫ్రౌ హోల్ట్‌మన్ వచ్చి తిట్టనీ, ఎవరో ఒక మనిషి వస్తే చాలు. నొక్కింది... మళ్ళీ నొక్కింది. లాప్‌టాప్ మంచుగడ్డలా చల్లగా ఉంది.

"వెళ్ళిపోండి," అంది. ఆ మాట ఆమె ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు.

ఎవరూ కదల్లేదు. చలి ఎడమ పక్కకి చేరింది. కుడి పక్కకి చేరింది. వెనక్కి చేరింది. గదిలో ఇక వెచ్చగా ఉన్నది ఆమె ఒక్కతే.

అప్పుడు ఆమె మెడ మీద ఎవరో ఊదారు. మెల్లిగా, ఓపిగ్గా... నిప్పు ఆరిపోకుండా.