మందు మీకు, పథ్యం నాకా?

బేకరీ మాస్టారు ఆ పొద్దున కూడా తన కంచం, తన గ్లాసు పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయారు. వంటింట్లోంచి చూస్తున్న ఇల్లాలికి ఒళ్లు మండింది. వేరు కంచం, వేరు గ్లాసు, రాత్రయితే వరండాలో వేరే బొంత. ఆయన చేసిన కేకు రాయిలా ఉందని చుట్టాల ముందు తను అన్న పాపానికి ఇన్నాళ్లు అలుగుతారా? ఆవిడా తక్కువ తినలేదు. పలకరించడమే మానేసింది.

పైగా మాస్టారు రోజురోజుకీ నల్లబడుతున్నారు. తెల్లారకుండానే బట్టీ గదిలో దూరే మనిషికి ఎండ ఎక్కడ తగులుతోంది? అనుమానం పెనుభూతమై ఆవిణ్ణి వరండాలోకి నడిపించింది.

"ఏమండీ, ఎవరితో ఈ షికార్లు?"

"షికార్లా? బిస్కెట్లతోనా?"

"మరి ఆ నలుపేంటి? నేను అక్కర్లేకపోతే మొహమ్మీదే చెప్పండి!" అంటూ ఆవిడ ఆయన గ్లాసు లాక్కుని నోటి దగ్గర పెట్టుకుంది.

"ముట్టుకోకు!"

ఆ కేకకి వీధిలో పాలవాడి సైకిలు ఆగిపోయింది. మాస్టారు గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. వేడి ట్రేని వట్టి చేత్తో పట్టి, ఉక్కు చెయ్యి అని ఇన్నేళ్లూ గొప్పలు పోయిన ఆ చేతికి అసలు స్పర్శే లేదట. కాలిన బొబ్బని చూసి డాక్టరమ్మ పరీక్ష చేయించింది. కుష్టురోగమని తేలింది.

ఆవిడ గుమ్మానికి చేరగిలబడింది.

"మందు లేదా?"

"ఉంది. మింగుతున్నా. ఈ నలుపు ఆ బిళ్లల వల్లే, మందు అయిపోయాక మెల్లగా పోతుందట. మొదటిరోజు మూత్రం ఎర్రగా వస్తే చచ్చాననుకున్నా. అదీ మందు మహిమేనట!"

"మందు వేసుకుంటున్నా అంటుకుంటుందా?"

"అంటదట. డాక్టరమ్మ అందరితో కలిసే ఉండమంది. నిన్నూ ఓసారి పరీక్షకి తీసుకురమ్మంది."

"మరి ఈ వేరు కంచం ఎవరు రాసిచ్చారు?"

మాస్టారు నేలచూపులు చూశారు. "నువ్వెక్కడ దూరం జరుగుతావోనని... ముందే నేను జరిగా."

ఆవిడ కళ్లు నిండిపోయాయి. "ఆహా! మందు మీకు, పథ్యం నాకా?" అని ఆ గ్లాసులో నీళ్లు గటగటా తాగేసింది.

మధ్యాహ్నం ఆసుపత్రికి ఇద్దరూ కలిసే వెళ్లొచ్చారు. చేతికి స్పర్శ తిరిగి వస్తుందో రాదో చెప్పలేమనీ, ఇక కాలకుండా చూసుకోవాలనీ డాక్టరమ్మ చెప్పింది. ఇంటికి రాగానే ఆవిడ కత్తెర తీసి వరండాలో బొంతని అడ్డంగా కోసింది. పొద్దుగూకేసరికి ట్రేలు పట్టుకోవడానికి రెండు మందపాటి చేతి తొడుగులు తయారయ్యాయి.

మాస్టారు వాటిని తొడుక్కుని, వాటితోనే కళ్లు తుడుచుకున్నారు.

"బాగున్నాయి గానీ, రాత్రికి నేనెక్కడ పడుకోను?"

"పెళ్లయినప్పట్నుంచి ఎక్కడ పడుకున్నారో అక్కడే," అంది ఆవిడ.