వెన్లో పైగదిలో ఏడుపు

చీకటి పడ్డాక వెన్లో జాగీరులోని రాతి ఇంటి పైగదికి ఎవరూ వెళ్ళరు. ఎంత ధైర్యం ఉన్న కాపలావాళ్ళయినా సరే. పాదిరీగారు కూడా మెట్ల దగ్గరే నిలబడి పవిత్రజలం చల్లేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేవారట. అమాబెల్ దొరసాని పురిట్లో పోయింది ఆ గదిలోనే. అప్పట్నుంచీ రాత్రిళ్ళు అక్కడ పసిబిడ్డ ఏడుపు...

ఆ మాట విన్నప్పుడల్లా ఇడోనియాకి ఒళ్ళు మండిపోయేది. అమాబెల్‌కి చెల్లెలు ఆమె. బిడ్డని మొదట చేతుల్లోకి తీసుకున్నదీ ఆమే. నీలంగా ఉన్నాడు వాడు. నోరు తెరవనే లేదు.

అక్కడి చట్టం ఒకటుంది. భార్య పోతే ఆమె పుట్టింటి భూమి తిరిగి పుట్టింటివాళ్ళకే చెందుతుంది. కానీ బిడ్డ ప్రాణంతో పుట్టి, నాలుగు గోడల మధ్య ఒక్కసారి ఏడ్చి, ఆ ఏడుపు మగవాళ్ళు వింటే చాలు, మొగుడు తను చచ్చేదాకా ఆ భూమి తినొచ్చు. ఆడదాని సాక్ష్యం చెల్లదు. పురిటిగదిలోకి మగవాణ్ణి రానివ్వరు, లోపలున్న ఆడదాని మాట వినరు! ఈ చట్టం రాసినవాణ్ణి కన్నది ఆడది కాదేమో మరి.

వెన్లో ఊరికే వచ్చిన నేల కాదు. యుద్ధంలో ఆ సీమనేలే ఎర్ల్‌గారి గుర్రం కూలిపోతే తన గుర్రం ఆయనకిచ్చేసి, కాలినడకన పోరాడి, చెయ్యి పోగొట్టుకున్నాడు ఇడోనియా ముత్తాత. అందుకు ఇచ్చిన నేల అది. ఇప్పుడు దాన్ని బావ సర్ డ్రోగో మింగేయబోతున్నాడు. అక్క బతికుండగా ఒక్కనాడూ మంచిగా పలకరించిన పాపాన పోలేదు వాడు.

తెల్లారితే ఆ భూమి ఎవరిదో తేల్చే ప్రమాణాలు. ఎర్ల్‌గారి కచేరీ పంపిన పన్నెండుమంది పెద్దమనుషులు ఆ రాత్రి కింది హాల్లోనే పడక వేశారు. అర్ధరాత్రి దాటింది... పైన ఏడుపు మొదలైంది.

అందరూ శిలువ గుర్తు వేసుకున్నారు.

"విన్నారుగా..." డ్రోగో గుసగుసలాడాడు. "బతికి ఏడ్చినవాడే కదండీ, చచ్చాక ఏడ్చేది!"

ఇడోనియా కొవ్వొత్తి అందుకుంది.

"ఎక్కడికే? ఆ గదిలోకి వెళ్తే తిరిగిరావు!"

"నీతో కాపురం చేసినదాని చెల్లెల్ని బావా. దెయ్యాలకి భయపడతానా?"

అంది గానీ — సగం మెట్లెక్కాక ఒకసారి వెనక్కి చూసింది. ఏడుపు అచ్చం పసివాడిదే. తలుపు ముందు ఆగిపోయింది. ఒకవేళ... ఆ రోజు ఏడ్చాడా? ప్రాణమున్నవాణ్ణే గుడ్డలో చుట్టేశానా?

"నాన్నా..." అని తలుపు తోసింది.

మంచంకోడుకి కట్టేసి ఉంది — మేకపిల్ల! తల్లి కోసం అరుస్తోంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. దాన్ని చంకనేసుకుని దడదడా దిగి, పెద్దమనుషుల మధ్య నిలబెట్టింది. "ఇదిగోనయ్యా మా బావ వారసుడు! తండ్రి పోలికే, చూసుకోండి!"

డ్రోగో తొణకలేదు. "ఏ పనివాడో కట్టేసి ఉంటాడు. నాకేం తెలుసు?"

పెద్దమనుషుల్లో పెద్దవాడు ఒస్బర్ట్ గడ్డం గోక్కున్నాడు. "ఇవాళ అరిచింది మేకపిల్లే, సరే. అంతమాత్రాన ఆ రోజు బిడ్డ ఏడవలేదని ఎలా అంటామమ్మా?"

"నేను చెప్తున్నానుగా! నా చేతుల్లో..."

"మీ మాట చెల్లదు కదమ్మా."

"చెల్లదా! వాణ్ణి కడిగిన చేతులివి! పాతిపెట్టిన చేతులివి! ఇంకెవడు చెప్పాలి మీకు?"

అప్పుడు — పైన — మళ్ళీ ఏడుపు.

అందరి చూపూ మేకపిల్ల మీదికెళ్ళింది. అది ఒస్బర్ట్ చొక్కా అంచు నములుతోంది. చప్పుడు చెయ్యడం లేదు.

పైన ఏడుపు సన్నగా... ఎక్కిళ్ళతో...

డ్రోగో మొహంలో నెత్తుటి చుక్క లేదు. మోకాళ్ళమీద కూలబడ్డాడు. "ఒట్టు... దేవుడి మీద ఒట్టు... నేను తెచ్చి కట్టింది ఆ ఒక్కదాన్నే!"

"చాలు దొరా," అన్నాడు ఒస్బర్ట్ శిలువ గుర్తు వేసుకుంటూ. "మేకపిల్లని కట్టింది మీరేనని మీ నోటే అందరం విన్నాం."

ఆ ఒక్క మాటతో వెన్లో ఇడోనియాదైంది. ఆమె మాత్రం అది వినలేదు. కొవ్వొత్తి కూడా లేకుండా మెట్లెక్కి వెళ్ళిపోతోంది... పైన ఏడుపు ఇంకా ఆగలేదు.