సుమైతాంగి మీది గంప

పెన్నాగరం నుంచి మా పల్లెకి వచ్చే దారిలో, గుట్ట మలుపులో ఒక సుమైతాంగి ఉంది. పొద్దు వాలినాక దాని పక్కకి తల తిప్పేవాళ్ళు కూడా లేరు.

సుమైతాంగి అంటే పెద్ద వింతేం కాదు. రెండు నిలువు బండలు, వాటి మీద అడ్డంగా ఒక పలక, మనిషి రొమ్మెత్తున. నెత్తిన బరువుతో వచ్చేవాళ్ళు ఎవరి సాయమూ లేకుండా దాని మీదికి జార్చి, కాసేపు ఊపిరి పీల్చుకోని పోవచ్చు. అయితే దాన్ని ఊరికే కట్టరు. కడుపుతో ఉన్న ఆడది కాన్పు కాకుండానే పోతే ఆమె పేరు మీద కడతారు. దించుకోలేని బరువుతో పోయింది కదా పాపం... దారిన పోయేవాళ్ళ బరువు దిగితే ఆమె బరువూ కాస్త దిగుతుందని.

మా దారిలోది పూంగావనం అనే ఆమె పేరు మీద కట్టింది. ఏడో నెలలో పుట్టింటికి నడిచి పోతా పోతా ఆ మలుపులోనే కూలిపోయిందంట. బిడ్డ కడుపులోనే ఉండిపోయింది.

పగలంతా ఆ రాయి అందరికీ చుట్టమే. చీకటి పడినాక మాత్రం... అక్కడ దించి ఎత్తుకున్న బరువు అడుగడుక్కీ పెరుగుతుందంట. ఇంట్లో నెలలు నిండిన మనిషి ఉంటే అసలు తాకనే కూడదంట. పూంగావనం తన బిడ్డని మన గంపలో పెట్టి పంపించి, బదులుగా మన ఇంటి బిడ్డని తీసుకుంటుందంట!

నవ్వుతారా? నవ్వండి. పగలు కూర్చోని వింటే ఎవరికైనా నవ్వే వస్తుంది.

తిమ్మమ్మకి మాత్రం నవ్వు రాదు. ఒక్కగానొక్క కూతురు వేదవల్లి తొలికాన్పులో బిడ్డ చచ్చి పుట్టింది. ఇప్పుడు రెండోసారి నెలలు నిండినాయి, ఇవాళో రేపో అన్నట్టుంది. ఈ బిడ్డ కూడా దక్కకపోతే కూతురు బతకదని తిమ్మమ్మ భయం. నిద్రలో కూడా ఆ భయమే.

ఆ రోజు మంత్రసాని పళనియమ్మాళ్‌ని కూతురి దగ్గర కూర్చోబెట్టి, కాన్పు సామాన్లకని పెన్నాగరం సంతకి పోయింది. ఆముదం, శొంఠి, మిరియాలు, కరుపట్టి అనే తాటిబెల్లం, బాలింతకి రాగులు. అక్కడే ఉన్న చెల్లెలి ఇంట్లో మెత్తటి పాత తెల్ల గుడ్డలు కూడా అడిగి తెచ్చుకుంది.

సంతలో ఫారెస్టోళ్ళు తప్పెట కొట్టిస్తా ఉన్నారు. కొత్త చట్టం వచ్చిందంట. పులి, జింకలే కాదు... అలుగు, ఉడుము, దేవాంగపిల్లి అంటారే ఆ తేవాంగు, దేన్నీ పట్టరాదు, అమ్మరాదు, పడితే జైలే అని. ఆడవాళ్ళు పడీ పడీ నవ్వినారు. "తేవాంగుకి కూడా చట్టమా! మా ఇంటాయన కూడా అట్లే ఎండిపోయి ఉంటాడు, ఆయన్నీ అందులో రాయించండయ్యా!" అని ఒకామె కేక పెట్టింది. తిమ్మమ్మకి ఆ నవ్వులు కూడా చెవికెక్కలేదు. ఆమె ధ్యాసంతా ఇంటి మీదే.

తిరుగు బస్సు దారిలో చెడిపోయింది. దాన్ని బాగుచేసి, మా పల్లె దారి మొగదల కాడ ఆమెని దించేటప్పటికి చీకటి పడింది. అమావాస్య దగ్గర పొద్దులు. తోడుకి ఒక్క నరప్రాణి లేదు. గంప తలకెత్తుకోని, దేవుళ్ళందరికీ మొక్కుకుంటా నడిచింది.

సరిగ్గా ఆ మలుపులోనే అరికాల్లో ముల్లు దిగింది. అట్లా ఇట్లా కాదు... కాలు నేల మోపలేకపోయింది. ముల్లు తియ్యాలంటే గంప దించాలి. ఒంటి మనిషి అంత గంప దించాలంటే... ఆ రాయి తప్ప ఇంకోటి లేదు.

"తప్పు కాయి తల్లీ, ఒక్క నిమిషం," అని గొణుక్కుంటా పలక కొసన గంప దించింది. కింద కూర్చోని, తడుముకోని తడుముకోని ముల్లు లాగేసింది. లేచింది.

"ఎత్తనా అక్కా?"

పలకకి ఆ కొసన ఎవరో ఆడమనిషి. మొహం ఆనలేదు. సంత నుంచి వెనకబడి వచ్చిన పిల్లేమో... మనిషి గొంతు వినబడేటప్పటికి తిమ్మమ్మకి పోయిన ప్రాణం లేచి వచ్చింది.

"ఎత్తమ్మా, పుణ్యముంటుంది."

"ఇటు రా..."

గొంతు వచ్చిన పక్కకి పోయింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి గంప ఎత్తినారు. తిమ్మమ్మ తల మీద సర్దుకోని, మళ్ళీ వెనక్కి చూడకుండా కాలు సాగించింది. వస్తావా అని కూడా అడగలేదు, అంత తొందర.

మలుపు దాటినాక తెలిసింది... బరువు తగ్గింది.

పెరుగుతుందని కదా అందరూ చెప్పేది? తగ్గింది! రాగులు, కరుపట్టి, ఆముదం బుడ్డి... ఇందాక మెడలు విరిచేసిన గంప ఇప్పుడు వట్టి గంప మాదిరి ఉంది. పెరిగి ఉంటే కూడా ఆమె ఇంత భయపడేది కాదేమో.

అంతలో గంపలో ఏదో కదిలింది.

నిలబడిపోయింది. అదీ ఆగింది. అడుగేసింది... అదీ కదిలింది.

నుదుటి మీద వెచ్చగా ఒక చుక్క పడింది. ఇంకొకటి. ఆముదం కారుతోందేమోనని వేలితో తుడిచి చూసింది. జిడ్డు లేదు. నీళ్ళు. వెచ్చటి నీళ్ళు, ఏదో ఘాటు వాసన. చెంపల మీదుగా మెడలోకి దిగుతా ఉన్నాయి. కాన్పులు చూసిన ఆడదానికి ఏం గుర్తొస్తుంది? ఉమ్మనీరు!

గంప జారకుండా ఎడమచెయ్యి పైకెత్తి అంచు పట్టుకుంది. అల్లిక సందులోంచి ఏదో బయటికి వచ్చి... ఆమె చిటికెన వేలు పట్టుకుంది.

చెయ్యి!

బొటనవేలు ఒక పక్క, తక్కిన వేళ్ళు ఒక పక్క. గోళ్ళు కూడా తెలుస్తున్నాయి. చల్లగా, గట్టిగా... పసిబిడ్డకి వేలు అందిస్తే పట్టుకుంటుందే, అట్లా. కానీ ఏ పసిబిడ్డకీ అంత చిన్న చెయ్యి ఉండదు. నెలలు నిండని బిడ్డకే ఉంటుంది.

ఎదురుగా, చేలకి అవతల, తన ఇంటి దీపం కనబడుతూనే ఉంది. అక్కడ వేదవల్లి ఉంది. ఈ గంపతో ఆ గడప తొక్కితే... బదులు! పోనీ, విసిరేసి పరిగెత్తితే? చచ్చినదైనా తల్లే కదా ఆమె. ఆమె బిడ్డని నేలకేసి కొట్టి, నా మనవణ్ణి కాపాడమని ఏ దేవుణ్ణి అడిగేది?

దీపం పక్క నుంచి వెనక్కి తిరిగింది.

ఆ నడక గురించి ఆమె ఇప్పటికీ చెబుతుంది. "పూంగావనం... నీ బిడ్డని నీకే తెచ్చిస్తున్నాను. నా బిడ్డ జోలికి రావద్దమ్మా... నీకు మొక్కుతాను..." దారి పొడుగునా అదే మాట. వేలు పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

రాయి కాడికి వచ్చింది. రాయి కింద... తెల్లగా ఏదో కూర్చోని ఉంది. ముందుకీ వెనక్కీ ఊగుతా, సన్నగా ఏడుస్తా ఉంది.

తిమ్మమ్మ పై ప్రాణాలు పైనే పోయినాయి. అంతలో ఆ తెల్లనిది తలెత్తి ఆమెని చూసింది.

"అయ్యో అమ్మా!" అని ఒక్క కేక పెట్టి నేల మీద బోర్లా పడింది. "పిల్లతల్లిని పట్టినాను తల్లీ! తప్పయిపోయింది! గంపలో కాన్పు గుడ్డలు పెట్టి నాకు బుద్ధి చెప్పినావు. ఇంక జన్మలో ఈ పని చెయ్యను, నన్ను వదిలెయ్యి తల్లీ!"

మగ గొంతు! పక్క పల్లె ఆదిమూలం. చెల్లెలింట్లో తిమ్మమ్మ అడిగి తెచ్చుకున్న తెల్ల గుడ్డల్ని గుండెకి కరుచుకోని గజగజా వణుకుతా ఉన్నాడు. తడిసిన మొహం, నెత్తిన గంప, చీకట్లోంచి నడిచొచ్చిన ఆడమనిషి... వాడికి ఆమె దెయ్యం, ఆమెకి వాడు దెయ్యం.

ఆ కేకకి టార్చిలైటు వేసుకోని ఫారెస్ట్ గార్డు మాదేశన్ పరిగెత్తుకుంటా వచ్చినాడు. గంప దించి, పైన కట్టిన గోనెపట్టా విప్పి, లోపలికి వెలుగు కొట్టినాడు.

ఇంతింత కళ్ళు! గుండ్రంగా, ఎర్రగా, నిప్పుల మాదిరి. కట్టెపుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ. తేవాంగు. దాని పొట్టకి కరుచుకోని బొటనవేలంత పిల్ల. ఉచ్చతో తడిసిన గంప అడుగున ఇంకొన్ని ముడుచుకోని ఉన్నాయి. తల్లి తేవాంగు ఒక చెయ్యి ఇంకా అల్లిక సందులోంచి బయటికే పెట్టుకోని ఉంది.

తిమ్మమ్మ నేల మీద కూలబడి ఏడ్చేసింది. నవ్వు కూడా వచ్చింది, రెండూ ఒకటేసారి.

సంగతి ఇంతే. సేలంలో ఒక దొంగ వైద్యుడు తేవాంగు కళ్ళతో కంటిమందు చేస్తానని జనాన్ని ముంచుతా ఉన్నాడంట. వాడికి అమ్మను పట్టినాడు ఆదిమూలం. చట్టం వచ్చినాక పగలు పోను భయం. అందుకని సంత గంప మాదిరి పైన గోనెపట్టా కట్టి, చీకట్లో, ఎవరూ రాని ఈ దారి పట్టినాడు. దూరాన ఎవరిదో లైటు కనబడితే గంప రాతి పలక అవతలి కొసన పెట్టి వాగులోకి దూరినాడు. తిరిగొచ్చి విప్పి చూస్తే తేవాంగులు లేవు... కాన్పు సామాన్లు! అదీ ఈ రాతి మీద!

"పట్టకూడదని అంత తప్పెట కొట్టించినా నీకు బుద్ధి లేదురా?" అన్నాడు మాదేశన్.

"పిల్లతల్లిని పట్టకూడదని చెప్పను చట్టం కావాల్నా నాయనా, వీడికి కళ్ళు లేవా?" అని తిమ్మమ్మ వాణ్ణి పట్టుకోని కడిగేసింది. "ముందు దాన్ని విడిచిపెట్టు. నా కళ్ళ ముందరే విడిచిపెట్టు."

రాయి వెనక వెలగచెట్టు ఉంది. మాదేశన్ గంప ఎత్తి కొమ్మకి ఆనించినాడు. తల్లి తేవాంగు ఒక్కో చెయ్యీ చాపి, పట్టుకోని, మెల్లిగా చీకట్లోకి ఎక్కిపోయింది. పిల్ల పొట్టకే ఉంది. తక్కినవి దాని వెనకే పోయినాయి.

"అయినా పెద్దమ్మా, చీకటైతే మాత్రం మీ గంప మీకు తెలియలేదా?" అని మాదేశన్ నవ్వినాడు.

"నేనెక్కడ చూసుకున్నా నాయనా. ఆ పిల్ల ఎత్తింది."

"ఏ పిల్ల?"

"ఇక్కడే ఉండె కదా... ఈ కొసన..."

మాదేశన్ నవ్వు ఆగిపోయింది. "పొద్దు పడినప్పటి నుంచి దారి మొగదల చాటుగా కాపలా ఉన్నాను పెద్దమ్మా. ముందు వీడొచ్చినాడు. తర్వాత మీరు. ఇంకెవరూ రాలేదు."

ఆదిమూలం గుడ్డలు ఆమె చేతిలో పెట్టేసి, మాదేశన్ పక్కకి పోయి నిలబడినాడు. తనంతట తానే.

తిమ్మమ్మ ఇల్లు చేరేటప్పటికి లోపల్నించి పసిబిడ్డ ఏడుపు. గట్టిగా, ఊరంతా లేచేటట్టు. ఆడపిల్ల. వేదవల్లి అలిసిపోయి నవ్వుతా ఉంది. బిడ్డ అమ్మమ్మ పాత చీరలో చుట్టి ఉంది, గుడ్డలు వచ్చేంతవరకు ఆగలేదంట.

తిమ్మమ్మ బిడ్డని తాకలేదు. వాకిట్లోకి పోయి గోడకి ఆనుకోని నిలబడింది. పళనియమ్మాళ్ వెనకే వచ్చి, "ఏమైందే, బిడ్డ బాగుంది కదా, ఎందుకట్లా ఉండావు?" అని భుజం పట్టుకోని కుదిపింది.

తిమ్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"గంప ఎత్తేటప్పుడు ఆమె దగ్గరగా రాలేకపోయింది అక్కా... ఆమె కడుపు నా కడుపుకి అడ్డం తగిలింది."

చెయ్యి తన పొట్ట మీద పెట్టుకుంది.

"లోపల బిడ్డ తన్నింది... నాకు తెలిసింది."