నలభయ్యో శాంపిల్

తను తెచ్చిన శాంపిల్ ఈ ఆరేళ్లలో ఒక్కటి కూడా రిజెక్ట్ కాలేదని సుమంత్ చెప్పుకునేవాడు. అడిగినవాళ్లకు ఒకసారి, అడగనివాళ్లకు రెండుసార్లు. చిక్కడపల్లి, అశోక్‌నగర్ ఇళ్లూ హాస్టళ్లూ తిరిగి రక్తం, మూత్రం శాంపిళ్లు తెచ్చి నారాయణగూడలోని ఓ చిన్న ల్యాబ్‌లో ఇవ్వడం అతని ఉద్యోగం. ఆ సోమవారం పదకొండు గంటలకు కూడా రిసెప్షన్‌లో ఇదే మాట చెప్పాడు.

పదకొండూ మూడుకి ఒక డబ్బా వెనక్కి వచ్చింది.

తెచ్చింది కొత్త మైక్రోబయాలజిస్ట్ నిహారిక. తెల్ల కోటు, చెవి వెనక పెన్ను. మొహంలో నవ్వు అనే సౌకర్యం లేదు.

"ఇది మీరేనా తెచ్చింది? ఐస్ ప్యాక్ ఏది?"

"అశోక్‌నగర్ నుంచే కద మేడమ్. పది నిమిషాల తొవ్వ."

"డబ్బా మీద తొమ్మిదని రాసుంది. బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మీరు రెండు గంటలు ఎండలో డిక్కీలో పెట్టుకుని తిరిగారు. ఇప్పుడిది పేషెంట్ జబ్బో, మీ డిక్కీ జబ్బో నేనెలా చెప్పను?"

రిసెప్షన్‌లో ఉన్న గోవర్ధన్‌కి సరిగ్గా అప్పుడే దగ్గొచ్చింది.

మర్నాడు సుమంత్ ఐస్ బాక్స్‌తో వచ్చాడు. అందులో ఐస్ ఎంత నింపాడంటే శాంపిల్‌ని జేబులో పెట్టుకుని రావాల్సి వచ్చింది.

నిహారికది గాంధీనగర్. ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ చేస్తోంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్న నలభై మంది ఆడవాళ్ల శాంపిళ్లు నెలాఖరులోగా పూర్తి కావాలి. లేకపోతే గైడ్ ఇంకో ఏడాది ఆగమంటాడు.

"మీరే తెచ్చి నా చేతికివ్వండి. ఐస్‌లో పెట్టి," అంది.

సుమంత్‌కి అది పెళ్లిచూపులకు రమ్మన్నట్టు వినపడింది.

శాంపిళ్లకు కొదవ లేదు. గ్రూప్స్ పరీక్షలు దగ్గర పడ్డాయి. లేచి వెళ్తే రీడింగ్ హాల్లో సీటు పోతుందని నీళ్లు కూడా తాగని అమ్మాయిలు అశోక్‌నగర్ నిండా ఉన్నారు. సుమంత్ రోజూ డబ్బా ఇచ్చేవాడు, వెళ్లేవాడు కాదు.

ఒకరోజు ఆమె గాజుపలక మీద బ్యాక్టీరియాని ఈస్ట్‌తో కలుపుతోంది.

"ఇదేంది మేడమ్, ఇరిగిన పాల లెక్కయింది?"

"దీని ఒంటి నిండా సన్నటి పోగులుంటాయి. పిలై అంటారు. పోగు చివర మ్యానోస్ అనే చక్కెరని పట్టుకునే పట్టు ఉంటుంది. ఆ చక్కెర ఈస్ట్ మీదా ఉంది, మూత్రాశయం గోడ మీదా ఉంది. పట్టుకోకపోతే మూత్రంతో పాటే కొట్టుకుపోతుంది."

"అంటే సిటీ బస్సుల ఫుట్‌బోర్డు మీద కడ్డీ పట్టుకున్నట్టు."

ఆమె నవ్వబోయి ఆపుకుని, ఒక చుక్క మ్యానోస్ వేసింది. ముద్దలు కరిగిపోయాయి. "పట్టు నిండా విడి చక్కెర దొరికింది. ఈస్ట్‌ని వదిలేసింది."

"మరి చాయ్‌ల చక్కెర జర ఎక్కువేస్తే రోగం తగ్గుతదా?"

"అది వేరే చక్కెర. తగ్గేది మీ పళ్లు."

పరీక్షలయ్యాయి. హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. ముప్ఫై ఏడో శాంపిల్, హాస్టల్ నడిపే విద్యావతిగారిది, ఇచ్చాక ఇంకేం దొరకలేదు. నిహారిక క్యాలెండర్ వైపే చూస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రమే సుమంత్ మూడు డబ్బాలు తెచ్చాడు. మాసమ్మ, చిక్కడపల్లి. సుబ్బులు, బర్కత్‌పుర. రత్నమాల, లోయర్ ట్యాంక్ బండ్.

"నలభై!" అంటూ ఆమె మొదటిసారి పూర్తిగా నవ్వింది. ఆ నవ్వుకి నారాయణగూడ చౌరస్తాలో నాలుగు వైపులా ఒకేసారి గ్రీన్ సిగ్నల్ పడిందని సుమంత్ ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

నాలుగు రోజుల తర్వాత ఆమె బ్యాగు భుజానేసుకుని కిందికొచ్చింది.

"బండి తీయండి. మాసమ్మగారింటికి వెళ్లాలి."

"ఎందుకు మేడమ్?"

"చివరి నలుగురిలోనూ ఒకటే బ్యాక్టీరియా. ఈస్ట్ బదులు రక్తకణాలతో కలిపి చూశాను. మ్యానోస్ వేసినా వాటిని వదలట్లేదు. ఇవి వేరే రకం పిలై, కిడ్నీలో ఉండే ఇంకో చక్కెరని పట్టుకుంటాయి. నలుగురి బ్యాక్టీరియా మీదా సరిగ్గా అవే మందులు పనిచేయట్లేదు. విద్యావతిగారు డాక్టర్ దగ్గరే ఉన్నారు. మిగతా ముగ్గురూ ఫోనెత్తట్లేదు. కిడ్నీ దాకా పోతే?"

సుమంత్ బండి తీశాడు. చిక్కడపల్లి, అశోక్‌నగర్, మళ్లీ చిక్కడపల్లి. వాన మొదలైంది.

"ఆ టిఫిన్ సెంటర్ మూడోసారి కనపడుతోంది," అంది వెనక నుంచి.

మూసిన షట్టర్ ముందున్న రేకు కింద ఆపాడు.

"మాసమ్మగారిల్లేది?"

"లేదు మేడమ్."

"ఖాళీ చేశారా?"

"అసలు పుట్టలే."

"సుబ్బులుగారు?"

"ఆమె గూడ."

"రత్నమాలగారు?"

"ఆమె మా మేనత్త. ఉన్నది. కరీంనగర్‌ల ఉంటది. ఏ రోగం లేదు." అతను తల దించుకున్నాడు. "అన్నీ విద్యావతక్కయే. మల్లొక డబ్బా అడిగి తెచ్చి మూడు చేసిన."

ఆమె బండి దిగి షట్టర్‌కి ఆనుకుంది.

"ఈ ఏరియాలో ఏదో పాకుతోందని రిపోర్ట్ రాశాను, సుమంత్. రేపు పదింటికి గైడ్ ముందు చదవాలి. చదివుంటే నా మూడేళ్ల పని మీద ఎవరికీ నమ్మకం ఉండేది కాదు."

"రేపు నేనొచ్చి చెప్త. తప్పు నాదని."

"తిట్లు పడితే?"

"పక్కన్నే నిలబడ్త."

"ఎందుకు చేశావని అడుగుతారు. ఏం చెప్తారు?"

దారిలో మూడు అబద్ధాలు తయారు చేసుకున్నాడు. మూడూ మంచివే. ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

"మీరు ఆ క్యాలెండర్ దిక్కు చూసుకుంట కూసున్నరు. నాకు చూడబుద్ధి కాలే. నలభై అయితే నవ్వుతరనుకున్న. మీరు నవ్వాలని ఉండె... మీరంటే ఇష్టం మేడమ్. మొదటి డబ్బా వాపస్ ఇచ్చినప్పటి నుంచే."

రేకు మీద వాన చప్పుడు. సుమంత్ సగం బయటే నిలబడి తడుస్తున్నాడు. నిహారిక కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఆ చివరి ముక్క," అంది రోడ్డు వైపు చూస్తూ, "రేపు గైడ్‌కి చెప్పక్కర్లేదు."