గీతకి గోరంత ఇవతల

"పిడుగూ, బ్యాగు పక్కన పడేసి ఇటు రా!" కారు పక్కన చతికిలబడి పిలిచాడు నాన్న.

పిడుగు కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. స్కూల్లో పరుగు పందేలు ఆడి ఆడి కాళ్ళు లాగేస్తున్నాయి.

నాన్నదీ అదే పరిస్థితి. టాక్సీ ఎడమకి లాగుతుంటే రోజంతా స్టీరింగ్ బిగబట్టి నడిపాడు. భుజం పట్టేసింది. రేపు తెల్లవారకముందే దూరప్రయాణం ఉంది.

"షాపులో చూపించొచ్చుగా నాన్నా?"

"ఈరోజు సెలవట. మనమే చూసేద్దాం."

ముందు టైర్ల చుట్టూ నడిమధ్యన చాక్‌పీసుతో సన్నటి గీతలు గీశాడు. ఆ రెండు గీతల మధ్య దూరం టైర్ల ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి కొలవాలి. రెండూ ఇంచుమించు ఒకటే రావాలి. లేకపోతే చక్రాలు వంకరగా ఉన్నట్టే.

ముందువైపు కొలత తేలిగ్గానే అయిపోయింది. వెనకవైపు కొలవాలంటే నేల మీద పడుకుని, కారు కిందకి చెయ్యి చాపాలి. పిడుగు మోచేయి గచ్చుకి గీరుకుంది. టేపు చివర గీతకి గోరంత ఇవతలే ఆగింది.

"పెట్టావా?" అటువైపు నుంచి అడిగాడు నాన్న.

"ఆఁ, పెట్టేశా!"

నాన్న లెక్క చూసుకుని, పానాతో ఏదో తిప్పి, వీధి చివరిదాకా నడిపి చూసి వచ్చాడు. ముఖం వాడిపోయింది.

"స్టీరింగ్ వంకరగా పట్టుకుంటే గానీ తిన్నగా పోవట్లేదు. ఇదివరకే నయం."

"రేపెలా వెళ్తావు మరి? ఆ భుజంతో?" గుమ్మంలోంచి అమ్మ అంది.

"ఎలాగో వెళ్తాలే. నా కళ్ళే సరిగ్గా ఆనట్లేదేమో. టేపు మీద అంకె తప్పు చదివుంటాను." నాన్న మెట్టు మీద కూలబడి కళ్ళు నులుముకున్నాడు.

పిడుగు వచ్చి నాన్న పక్కన కూర్చుంది.

"నీ కళ్ళు కాదు నాన్నా. వెనకవైపు టేపు గీత మీద లేదు. చెయ్యి నొప్పెట్టి, ఊరికే పెట్టానన్నాను."

నాన్న చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు.

"అమ్మయ్య! కళ్ళజోడు తప్పింది," అన్నాడు చివరికి. "కానీ పిడుగూ, ఇప్పుడు మళ్ళీ మొదటికొచ్చాం. నాకు లేచే ఓపిక కూడా లేదు."

"నేను లేపుతా!" అని పిడుగు రెండు చేతులూ పట్టి లాగింది. నాన్న నవ్వుతూ, మూలుగుతూ లేచాడు.

ఈసారి పిడుగు పాత గోనెపట్టా పరుచుకుని కారు కిందకి భుజందాకా దూరింది. చల్లటి గచ్చు చెంపకి హాయిగా తగిలింది.

"పెట్టావా?"

"ఇంకా లేదు నాన్నా."

"చీకటి పడుతోందమ్మా. ఇప్పుడూ?"

"ఆగు. ఊపిరి పీలిస్తే టేపు కదులుతోంది."

నాన్న ఆగాడు. పిడుగు నాలుక బయటపెట్టి, టేపు చివరని కొంచెం కొంచెంగా జరిపింది. సరిగ్గా తెల్ల గీత మీదకి తెచ్చి, బొటనవేలితో నొక్కి, ఊపిరి బిగబట్టింది.

"ఊఁ," అంది నోరు తెరవకుండానే.